పాత కంప్యూటర్‌లో ఆ గేమ్ నడుస్తుందా? డబ్బు పెట్టకముందే ఇంట్లో తేల్చుకోండి

పోయిన ఆదివారం పొద్దున్నే చిత్తూరు నుంచి మా అన్న కొడుకు ఫోన్ చేశాడు. "చిన్నాయనా, మన కంప్యూటర్‌కి 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు వేస్తే జీటీఏ 5 వస్తుందంట, షాపులో చెప్పినారు. నాయనని డబ్బులడిగినా, నువ్వు కూడా ఒక మాట చెప్పు" అన్నాడు. ఆ కంప్యూటర్ మా అన్న బిల్లులు కొట్టుకోడానికి ఎప్పుడో కొన్నది. ఇప్పుడు అందులో ఏ గ్రాఫిక్స్ చిప్ (తెర మీద బొమ్మలు గీసేది, విడిగా వస్తే అదే కార్డు) ఉంది రా అంటే తెలీదన్నాడు, ప్రాసెసర్ ఏదంటే ఐ3 అన్నాడు, ఎన్నో తరం అంటే మళ్లీ తెలీదు. అలా ఏదీ చూసుకోకుండా డబ్బు పెట్టేసి, ఇంటికొచ్చాక మొహం వేలాడేసుకునే పిల్లల్ని తిరుపతిలో చాలామందిని చూశాను. అందుకే వాడికి గంటసేపు ఫోన్‌లో చెప్పిందంతా ఇక్కడ రాస్తున్నాను. ఇంట్లో కూర్చుని, పైసా ఖర్చు లేకుండా చూసుకోగలిగినవే ఇవన్నీ.

మొదట ఒకటి మనసులో పెట్టుకోండి. "గేమ్ నడుస్తుందా" అనే ప్రశ్నలో రెండు ప్రశ్నలున్నాయి. అసలు గేమ్ తెరుచుకుంటుందా అనేది ఒకటి, తెరుచుకున్నాక ఆడుకునేంత వేగం వస్తుందా అనేది రెండోది. కొండకు బండిలో వెళ్లేటప్పుడు అలిపిరి దగ్గర చెకింగ్ దాటాలి కదా, బండి ఎంత స్పీడుదైనా అక్కడ ఆపేస్తే ఆగాల్సిందే. దాటాక ఘాట్ రోడ్డు మీద ఎంత తేలిగ్గా ఎక్కుతుందనేది ఇంజన్ బలాన్ని బట్టి ఉంటుంది. గ్రాఫిక్స్ కూడా అంతే. మొదటిదాంట్లో ఆగిపోయిన కంప్యూటర్‌కి సెట్టింగులు ఎంత తగ్గించినా ప్రయోజనం లేదు. రెండోదాంట్లో ఇబ్బంది పడేదానికి మాత్రం చాలా చేయొచ్చు.

సరే, ఇక కంప్యూటర్ ఆన్ చేయండి. కీబోర్డు మీద విండోస్ బొమ్మ ఉన్న కీ పట్టుకుని ఆర్ నొక్కితే కింద చిన్న పెట్టె వస్తుంది. అందులో డి, ఎక్స్, డి, ఐ, ఎ, జి అనే ఆరు ఇంగ్లిష్ అక్షరాలు ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కండి. మొదటిసారైతే డ్రైవర్ల (చిప్‌లని విండోస్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్ల) సంతకాలు చూడమంటారా అని ఏదో అడుగుతుంది, ఎస్ కొట్టండి, ఏమీ కాదు. కాసేపటికి డైరెక్ట్‌ఎక్స్ డయాగ్నస్టిక్ టూల్ తెరుచుకుంటుంది. డైరెక్ట్‌ఎక్స్ అంటే గేములు గ్రాఫిక్స్ చిప్‌తో మాట్లాడే విండోస్ భాష అనుకోండి. మొదటి పేజీలో ప్రాసెసర్ పేరు, ర్యామ్ ఎంత, విండోస్ ఏది అనేవి ఉంటాయి, రాసుకోండి.

అదే పేజీలో అడుగున డైరెక్ట్‌ఎక్స్ వెర్షన్: డైరెక్ట్‌ఎక్స్ 12 అని కనిపిస్తుంది. ఇక్కడే ఎక్కువమంది పొరపడతారు. మా అబ్బోడు కూడా "చిన్నాయనా, 12 ఉంది, గేమ్‌కి 11 చాలంట" అని ఎగిరి గంతేశాడు. ఆ 12 అనేది విండోస్‌ది, మీ గ్రాఫిక్స్ చిప్‌ది కాదు. విండోస్ 10 వేసిన ఏ కంప్యూటర్‌లోనైనా, చిప్ ఎంత పాతదైనా, అక్కడ 12 అనే ఉంటుంది.

చిప్ సంగతి తెలియాలంటే పైన డిస్‌ప్లే అనే ట్యాబ్‌లోకి వెళ్లాలి. అక్కడ నాలుగు చూడండి: చిప్ పేరు, డిస్‌ప్లే మెమరీ, డ్రైవర్ తేదీ, కుడివైపు ఫీచర్ లెవల్స్ అని ఉన్న వరస. ఈ ఫీచర్ లెవల్సే మనం చెప్పుకున్న చెకింగ్. అక్కడ 11_0 అనేది ఉంటే చిప్‌కి డైరెక్ట్‌ఎక్స్ 11 పనులు వచ్చు. 10_1 దగ్గరే ఆగిపోతే, ఆ చిప్ మీద 11 తప్పనిసరి అనే గేమ్ తెరుచుకోదు. "డీ3డీ11 కంపాటిబుల్ జీపీయూ కావాలి, ఫీచర్ లెవల్ 11.0, షేడర్ మోడల్ 5.0" అని ఎర్రర్ వచ్చి గేమ్ మూసుకుపోవడం మీరు చూసుంటే, దాని అర్థం ఇదే (జీపీయూ అంటే గ్రాఫిక్స్ చిప్పే).

మన ఇళ్లలో ఉండే పాత కంప్యూటర్లలో ఎక్కువ భాగం ఇంటెల్ ప్రాసెసర్‌లోనే కలిసొచ్చిన గ్రాఫిక్స్‌తో నడిచేవి, కాబట్టి వాటి గురించి కొంచెం వివరంగా చెబుతాను. 2011లో వచ్చిన రెండో తరం ఐ3, ఐ5లలో హెచ్‌డీ 2000, హెచ్‌డీ 3000 ఉంటాయి, వాటి హద్దు డైరెక్ట్‌ఎక్స్ 10.1. 2012లో వచ్చిన మూడో తరంలో హెచ్‌డీ 2500, హెచ్‌డీ 4000 ఉంటాయి, అవి 11_0 దాకా వస్తాయి. 2013 నాటి నాలుగో తరం హెచ్‌డీ 4400, 4600 మొదట్లో డైరెక్ట్‌ఎక్స్ 12 గేములు కూడా తీసుకునేవి, కానీ భద్రతా లోపం ఉందని ఇంటెల్ తర్వాతి డ్రైవర్లలో ఆ సదుపాయం తీసేసింది. అందుకే నాలుగో తరం ఉన్నవాళ్లకి 11 వరకు ఇబ్బంది లేదు, 12 తప్పనిసరి అనే గేమ్ జోలికి వెళ్లకండి. 2015లో వచ్చిన ఆరో తరం హెచ్‌డీ 520, 530 నుంచి 12 గొడవ లేదు. తెరుచుకోవడం వరకే నేను చెప్పేది, వేగం సంగతి వేరే.

ప్రాసెసర్ నంబర్‌లో తరం తెలిసిపోతుంది. ఐ3-2120 అంటే రెండోది, ఐ3-3220 అంటే మూడోది, ఐ5-4590 అంటే నాలుగోది. కొన్నిట్లో చిప్ పేరు నంబర్ లేకుండా ఉత్త ఇంటెల్ హెచ్‌డీ గ్రాఫిక్స్ అనే వస్తుంది, అప్పుడు ప్రాసెసర్ నంబర్ ఇంటర్నెట్‌లో కొట్టి ఇంటెల్ సొంత పేజీలో చూసుకోండి. ఒకే తరంలో కూడా తేడా ఉంటుందండీ. ఐ3-3220లో ఉండేది హెచ్‌డీ 2500, దాంట్లో లెక్కలు చేసే యూనిట్లు 6. ఐ3-3225లో ఉండేది హెచ్‌డీ 4000, దాంట్లో 16. చివరి అంకె ఒక్కటే మారింది, బలం మాత్రం రెట్టింపు కన్నా ఎక్కువ.

మా అబ్బోడి దాంట్లో చిప్ పేరు దగ్గర మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని వచ్చింది. ఇది మీకు కూడా వస్తే కంగారు పడొద్దు, కార్డు పాడైనట్టు కాదు. ఎవరో విండోస్ మళ్లీ వేసి గ్రాఫిక్స్ డ్రైవర్ వేయకుండా వదిలేశారని అర్థం. ఆ స్థితిలో ఏ గేమూ సరిగ్గా నడవదు, చివరికి యూట్యూబ్ వీడియో కూడా తడబడుతుంది. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్‌కి వెళ్లి, ఆప్షనల్ అప్‌డేట్స్‌లో డ్రైవర్ ఉందేమో చూడండి, లేకపోతే ఇంటెల్, ఎన్విడియా, ఏఎండీ ఎవరిదైతే వాళ్ల సొంత సైట్ నుంచి, ల్యాప్‌టాప్ అయితే ముందు ఆ ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి దించుకోండి. డ్రైవర్ అప్‌డేటర్ అని ఊరూపేరూ లేని సాఫ్ట్‌వేర్లు వస్తుంటాయి, వాటిని మాత్రం దగ్గరికి రానీయకండి. డ్రైవర్ వేసి, రీస్టార్ట్ చేసి, మళ్లీ ఆ ఆరు అక్షరాలు కొట్టి చూడండి. అబ్బోడిది అప్పుడు అసలు పేరు చూపించింది, ప్రాసెసర్ ఐ3-3220 అని తేలింది.

ఇక డిస్‌ప్లే మెమరీ గురించి. దీని మీద నాకు చాలా చెప్పాలని ఉంది, ఎందుకంటే నేను నష్టపోయింది ఇక్కడే. ఎస్వీ యూనివర్సిటీలో చదువుకునే రోజుల్లో ఏడాదిపాటు కూడబెట్టిన డబ్బుతో బస్సెక్కి చెన్నై రిచీ స్ట్రీట్‌కి పోయాను. అక్కడ ఒక కొట్టులో 4 జీబీ కార్డు అని జీటీ 730 చేతిలో పెట్టారు. 4 జీబీ అంటే ఇంకేం కావాలి అనుకుని తెచ్చుకున్నాను. నా రూమ్మేట్ దగ్గర జీటీఎక్స్ 650 ఉండేది, దానికి 1 జీబీయే. అదే గేమ్ వాడి కంప్యూటర్‌లో హాయిగా నడిచేది, నా దాంట్లో ఆగి ఆగి నడిచేది. ఎందుకో తెలుసుకోడానికి నాకు చాలా రోజులు పట్టింది. నా కార్డులో ఉన్నది డీడీఆర్3 మెమరీ, వాడిదాంట్లో దానికన్నా చాలా వేగమైన జీడీడీఆర్5. కార్డు మీద మెమరీ అంటే నీళ్ల ట్యాంకు లాంటిది, ట్యాంకు ఎంత పెద్దదైనా కిందికి వచ్చే పైపు సన్నగా ఉంటే బకెట్ నిండడానికి చాలాసేపు పడుతుంది. సన్న పైపు ఉన్న కార్డుకి 4 జీబీ తగిలించి అమ్మడం మార్కెట్‌లో మామూలే. జీబీ చూసి కార్డు కొనకండి, ఇది మాత్రం నా మాట వినండి.

ఈ జీటీ 730 అనే పేరుతోనే మూడు రకాల కార్డులు వచ్చాయి, 96 కోర్లది (కోర్లంటే లెక్కలు చేసే యూనిట్లు) ఒకటి, 384 కోర్లతో డీడీఆర్3ది ఒకటి, 384 కోర్లతోనే జీడీడీఆర్5ది ఒకటి. జీటీ 1030లో కూడా ఇదే కథ: జీడీడీఆర్5ది సెకనుకి 48 జీబీ మెమరీ వేగంతో వస్తే, 2018లో అదే పేరుతో వచ్చిన డీడీఆర్4 రకం 17 జీబీ దగ్గరే ఆగుతుంది. డబ్బా మీద పెద్ద అక్షరాలు రెండింటికీ ఒకటే, చిన్న అక్షరాలు చదవాలి.

కలిసొచ్చిన గ్రాఫిక్స్ అయితే సొంత మెమరీ ఉండదు, మీ ర్యామ్‌లోంచే తీసుకుంటుంది. డిస్‌ప్లే మెమరీ 128 ఎంబీ అని చూపించి, షేర్డ్ మెమరీ 2 జీబీ అనో 4 జీబీ అనో చూపిస్తే అది ర్యామ్‌లో సగం వాడుకోవచ్చని విండోస్ ఇచ్చిన అనుమతి, అంతే. ఇలాంటి కంప్యూటర్లలో ర్యామ్ ఒకే ముక్కగా ఉంటే గ్రాఫిక్స్ వేగం బాగా పడిపోతుంది. ఒక 8 జీబీ కన్నా రెండు 4 జీబీలు జంటగా వేస్తే మెమరీ దారి రెండింతలవుతుంది, దాన్నే డ్యూయల్ ఛానల్ అంటారు. కార్డు కొనే స్తోమత లేనప్పుడు తక్కువ ఖర్చుతో ఎక్కువ లాభం వచ్చేది ఈ పనికే.

ఇప్పుడు గేమ్ ఏమడుగుతుందో చూద్దాం. గేమ్ అమ్మే పేజీలో కింద మినిమమ్, రికమెండెడ్ అని రెండు వరసలుంటాయి. మినిమమ్ అంటే తెరుచుకుని, అన్నీ తగ్గించి పెట్టుకుంటే ఆడగలరని. హాయిగా ఆడాలంటే రికమెండెడ్‌కి దగ్గరలో ఉండాలి. వాలరెంట్ మినిమమ్‌లో హెచ్‌డీ 4000 చాలంటుంది, అందుకే మన పిల్లలంతా అదే ఆడుతున్నారు. కౌంటర్ స్ట్రైక్ 2కి 8 జీబీ ర్యామ్, డైరెక్ట్‌ఎక్స్ 11 వచ్చే కార్డు, 1 జీబీ వీడియో మెమరీ అడుగుతుంది. అంతకుముందు నడిచిన సీఎస్ గోకి డైరెక్ట్‌ఎక్స్ 9 చాలు, అందుకే 2023లో దాని స్థానంలో కౌంటర్ స్ట్రైక్ 2 వచ్చిన రోజు నుంచి చాలా పాత కంప్యూటర్లు పక్కకు పోయాయి. జీటీఏ 5 పాత వెర్షన్, 2015లో పీసీకి వచ్చినది, మినిమమ్‌గా 1 జీబీ ఉన్న 9800 జీటీ, 4 జీబీ ర్యామ్ అడుగుతుంది, రికమెండెడ్‌లో 2 జీబీ ఉన్న జీటీఎక్స్ 660, 8 జీబీ ర్యామ్. 2025లో వచ్చిన ఎన్‌హాన్స్‌డ్ వెర్షన్‌కి అయితే ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కన్నా వేగమైన డిస్క్) కూడా ఉండాలి, పాత కంప్యూటర్లవాళ్లు దాన్ని మర్చిపోండి. మైన్‌క్రాఫ్ట్ జావా ఇంకో దారి. అది డైరెక్ట్‌ఎక్స్ కాదు, ఓపెన్‌జీఎల్ అనే వేరే భాష వాడుతుంది, 1.17 వెర్షన్ నుంచి ఓపెన్‌జీఎల్ 3.2 ఉండాలి, రెండో తరం ఇంటెల్ విండోస్‌లో 3.1 దగ్గర ఆగిపోతుంది. అలాంటివాళ్లు 1.16 పెట్టుకుని ఆడుకోవచ్చు, గేమ్ లాంచర్‌లోనే పాత వెర్షన్ ఎంచుకునే వీలుంది.

మినిమమ్ వరసలో రాసిన కార్డు పేరు మీ దగ్గర ఉండదు, వేరే పేరు ఉంటుంది. రెండింట్లో ఏది పెద్దదో నంబర్ చూసి నిర్ణయించకూడదు. 610 అనేది 460 కన్నా పెద్ద అంకె, కానీ జీటీ 610లో 48 కోర్లు, జీటీఎక్స్ 460లో 336. ఎన్విడియా పాత పేర్లలో మొదటి అంకె తరం, తర్వాతి రెండు అంకెలు ఆ తరంలో దాని స్థాయి. 10, 20, 30 ఉన్నవి బొమ్మ కనిపించడానికి, 50 నుంచి ఆటకు పనికొచ్చేవి, 60 పైన గట్టివి. నిక్కచ్చిగా తెలియాలంటే టెక్‌పవర్‌అప్ సైట్‌లో జీపీయూ డేటాబేస్ ఉంది, మీ కార్డు పేరు కొడితే మెమరీ రకం, కోర్లు, డైరెక్ట్‌ఎక్స్, పక్క కార్డులతో పోలిస్తే ఎంత శాతం అనేది బొమ్మలా చూపిస్తుంది.

దానికన్నా నాకు నమ్మకమైన పద్ధతి ఇంకోటుంది. యూట్యూబ్‌లో మీ ప్రాసెసర్ పేరు, కార్డు పేరు, గేమ్ పేరు మూడూ కలిపి వెతకండి. ఎవరో ఒకరు అచ్చం మీలాంటి కంప్యూటర్‌లో ఆడి పెట్టి ఉంటారు, మూలన ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఎన్ని బొమ్మలు వస్తున్నాయనే లెక్క) కూడా కనిపిస్తుంది. 30 నిలకడగా ఉంటే కథ గేములు ఆడుకోవచ్చు, కాల్చుకునే గేములకి 60 ఉంటే బాగుంటుంది. వీడియోలో వాళ్ల ర్యామ్ ఎంత, ఏ రెజల్యూషన్‌లో ఆడారు అన్నది తప్పకుండా చూడండి. 1920 × 1080లో చుక్కలు 20 లక్షలు దాటుతాయి, 1366 × 768లో పదిన్నర లక్షలే. అంటే కార్డు మీద భారం దాదాపు సగం. మీ మానిటర్ పెద్దదైనా గేమ్‌లో రెజల్యూషన్ తగ్గించుకోవచ్చు, నీడలు ఆపేయొచ్చు, ఈ రెండూ చేస్తేనే చాలా పాత కార్డులకి ఊపిరొస్తుంది.

కార్డు ఉండి కూడా గేమ్ నత్తనడక నడిస్తే కొనడానికి పరిగెత్తకండి, ముందు వెనక్కి తిరిగి వైరు చూడండి. మానిటర్ కేబుల్ మదర్‌బోర్డు సాకెట్‌కి పెట్టి, కార్డుని ఖాళీగా వదిలేసినవాళ్లు తక్కువమందేం కాదు. కేబుల్ కార్డుకే ఉండాలి. ల్యాప్‌టాప్‌లో రెండు చిప్‌లుంటే డయాగ్నస్టిక్ టూల్‌లో డిస్‌ప్లే పక్కన రెండర్ అని ఇంకో ట్యాబ్ కనిపిస్తుంది, అక్కడ ఎన్విడియా పేరుంటే సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్‌లోకి వెళ్లి ఆ గేమ్‌కి హై పెర్ఫార్మెన్స్ అని పెట్టండి. కొంతసేపు బాగా నడిచి, పది నిమిషాలకి ఆగడం మొదలైతే అది వేడి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, మే నెలలో తిరుపతి ఎండకి 40 దాటుతుంది, దుమ్ము పట్టిన ఫ్యాన్‌తో పాత కార్డు ఏం చేయగలదు? జీపీయూ-జెడ్ అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ వేసుకుని సెన్సర్స్ పేజీ తెరిచి గేమ్ ఆడండి. వేడి 90 డిగ్రీల దాకా పోతుంటే దుమ్ము దులిపించి, థర్మల్ పేస్ట్ మార్పించండి.

ఇన్ని చూసినా కార్డు కొనక తప్పదని తేలితే, ఆఖరున చూడాల్సింది ఎస్ఎంపీఎస్, అంటే కంప్యూటర్ లోపల అన్నిటికీ కరెంటు పంచే డబ్బా. కేబినెట్‌తో పాటు ఊరికే వచ్చిన లోకల్ ఎస్ఎంపీఎస్ మీద 450 వాట్స్ అని స్టిక్కర్ ఉన్నా దాన్ని నమ్మి పెద్ద కార్డు వేయకండి, అది పోతే ఒక్కోసారి మదర్‌బోర్డుని కూడా తీసుకుపోతుంది. మదర్‌బోర్డు స్లాట్ నుంచి కార్డుకి 75 వాట్ల దాకా అందుతుంది. విడిగా వైరు అడగని కార్డులు దాంతోనే నడుస్తాయి, జీటీ 1030కి 30 వాట్లు, జీటీఎక్స్ 750 టీఐకి 60. సన్న కేబినెట్ అయితే లో ప్రొఫైల్ (ఎత్తు తక్కువ) కార్డే పడుతుంది, టేపు పెట్టి కొలుచుకుని వెళ్లండి.

సెకండ్ హ్యాండ్ అయితే కొట్టువాళ్ల కంప్యూటర్‌లోనే కార్డు పెట్టించి జీపీయూ-జెడ్ తెరవండి. పాత చిప్‌కి బయోస్ (కార్డు లోపలే ఉండే సాఫ్ట్‌వేర్) మార్చి జీటీఎక్స్ 1050 టీఐ అని చూపించే దొంగ కార్డులు మార్కెట్‌లో తిరుగుతున్నాయి, ఎన్విడియా పేరు పెట్టుకున్న నకిలీని ఆ ప్రోగ్రామ్ పేరు ముందే ఫేక్ అని చూపించేస్తుంది. మెమరీ రకం కూడా అక్కడే చూడండి. పావుగంట ఏదైనా గేమ్ నడిపి చూపించమనండి, ఒప్పుకోకపోతే వచ్చేయండి, మొహమాటపడొద్దు. ఇంకో మాట, ఎన్విడియా 600, 700 సిరీస్‌లో ఎక్కువ కార్డులకి మామూలు డ్రైవర్ అప్‌డేట్లు 2021తో ఆగిపోయాయి, కొత్త గేముల కోసం వాటిమీద డబ్బు పెట్టకండి. 750, 750 టీఐ మాత్రం వాటి తర్వాతి డిజైన్‌వి, వాటికి 2025 దాకా వచ్చాయి.

గేమ్ కొనడంలో కూడా ఒక వెసులుబాటు ఉంది. స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల కొట్టులో కొన్న 14 రోజుల్లోపు, 2 గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి ఇస్తారు. ఆ రెండు గంటల్లో సెట్టింగులన్నీ తగ్గించి చూడండి, నడవకపోతే రీఫండ్ అడగండి. అయితే విండోస్ 7, 8 ఉన్న కంప్యూటర్లకి 2024 జనవరి 1 నుంచి స్టీమ్ సపోర్ట్ ఆపేసింది, కాబట్టి ముందు అది చూసుకోండి.

మా అబ్బోడి లెక్క ఇలా తేలింది. ఐ3-3220, హెచ్‌డీ 2500, 4 జీబీ ఒకే ముక్క ర్యామ్, కేబినెట్‌తో వచ్చిన ఎస్ఎంపీఎస్. చిప్ 11_0 చూపిస్తోంది కాబట్టి జీటీఏ 5 తెరుచుకుంటుంది, ఆ 6 యూనిట్లతో ఆడే వేగం రాదు. షాపులో చూపించిన 4 జీబీ కార్డు ఫొటో వాట్సాప్‌లో పెట్టమన్నాను, డబ్బా పక్కన చిన్న అక్షరాల్లో డీడీఆర్3 అని ఉంది. వద్దన్నాను. ఈ వారం ఇంకో 4 జీబీ ర్యామ్ ముక్క వేయించుకుంటున్నాడు, అన్న కూడా బిల్లులకి పనికొస్తుందని ఒప్పుకున్నాడు. వేసవి సెలవుల్లో తిరుపతికి వస్తే ఇద్దరం కలిసి సెకండ్ హ్యాండ్ 750 టీఐ వెతుకుతాం, పెన్ డ్రైవ్‌లో జీపీయూ-జెడ్ ఇప్పుడే వేసి పెట్టుకున్నాను.